బిడ్డ బడికి, బడి బిడ్డకు

(ఉపాధ్యాయులు, గ్రంథపాలకులు, కళాశాల విద్యార్థులు పాల్గొన్న ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను విద్యాశాస్త్రం చదివినదానను కాను. హిందీ సాహిత్యంలో ఎం.ఎ. పట్టా పుచ్చుకొని, హిందీ నుండి తెలుగులోనికి అనువాదాలు చేస్తూ జీవిస్తున్నదానను. నావంటి అనువాదకురాలు పసిపిల్లల విద్యను గురించి, అందులోను బస్తరు అడవులలోని పిల్లలను గురించి ఏమి చెప్పగలదని మీకు సందేహం కలగవచ్చు. ఆ సందేహం సహజమే. నన్ను ఈ విషయంలోనికి లాగినది నేను చేసిన ఒక చిన్న అనువాద దోషం. దానితోనే ప్రారంభిస్తాను.

అంగన్‌వాడీ కార్యకర్తల కొరకు హిందీలో వ్రాసిన ఒక శిక్షణ పుస్తకాన్ని తెలుగు చేసే పని కొంతకాలం క్రిందట నాకు అప్పగించారు. అందులో 'స్కూల్ కీ తయారీ' అనే అధ్యాయం ఉన్నది. నేను పెద్దగా ఆలోచించకుండా 'బడికి పిల్లల సంసిద్ధత' అని వ్రాసి ముందుకు సాగిపోయాను. తరువాత కొన్నాళ్లకు దక్షిణ బస్తరులోని ఒక గ్రామానికి వెళ్ళే అవకాశం వచ్చింది. అక్కడి అంగన్‌వాడీ కార్యకర్త అదే హిందీ పుస్తకాన్ని చేతిలో పట్టుకొని నన్ను ఇలా అడిగింది: "దీదీ, ఈ అధ్యాయంలో తయారు కావలసినది ఎవరు? పిల్లవాడా, బడా?"

నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. హిందీలోని ఆ 'కీ' అనే ప్రత్యయం రెండు అర్థాలకూ చోటిస్తుంది. బడికి బిడ్డ సిద్ధం కావడం ఒక అర్థం; బడి తానే సిద్ధం కావడం రెండవ అర్థం. నేను ఒకదానినే చూచి, రెండవదానిని తెలుగు పాఠకునికి కనబడకుండా చేశాను. ఈనాటి నా ప్రసంగమంతా ఆ రెండవ అర్థాన్ని గురించియే.

గోదావరికి ఆవలి పొరుగు

బస్తరు మనకు దూరదేశం కాదు. ఇంద్రావతీ నది బస్తరును చీల్చుకొని ప్రవహించి, భోపాలపట్నం ప్రాంతంలో భద్రకాళి వద్ద గోదావరిలో కలుస్తుంది. శబరి నది కుంట మీదుగా వచ్చి కూనవరం వద్ద అదే గోదావరిలో కలుస్తుంది. ఓరుగల్లు పతనమైన పిమ్మట కాకతీయ వంశీకుడైన అన్నమదేవుడు ఆ అడవులకు వెళ్ళి రాజ్యం స్థాపించాడని బస్తరు రాజవంశపు సంప్రదాయం చెబుతున్నది. భోపాలపట్నం, కుంట ప్రాంతాలలో నేటికీ తెలుగు వినవచ్చును. ఆ ప్రాంతపు దోర్లా గిరిజనుల పలుకులో తెలుగు మాటలు విరివిగా కలిసి ఉన్నవి.

పూర్వపు బస్తరు జిల్లా ఒక్కటే కేరళ రాష్ట్రం కంటె విశాలమైనది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. పాత బస్తరు జిల్లా ఇప్పుడు బస్తరు, దంతేవాడ, కాంకేర్, నారాయణపూర్, బీజాపూర్, కొండగావ్, సుక్మా అనే ఏడు జిల్లాలుగా ఉన్నది. ఈ నేలపై గోండి, హల్బీ, భత్రీ, ధుర్వా, దోర్లీ మొదలైన భాషలు వినిపిస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాతృభాషగా గలవారు సుమారు 29 లక్షల 84 వేలమంది; హల్బీ వారు 7 లక్షల 60 వేలకు పైబడినవారు. గోండి మన తెలుగువలె ద్రావిడ భాష. హల్బీ ఆర్యభాషా కుటుంబానికి చెందినది. భిన్న తెగలవారు సంతలో కలిసినప్పుడు మాట్లాడుకొనే ఉమ్మడి భాష. కాబట్టి అక్కడి బిడ్డకు ఇంట్లో గోండి, సంతలో హల్బీ, బడిలో హిందీ, ఏరు దాటితే తెలుగు. ఐదేళ్ళ ప్రాయంలో మనలో ఎంతమంది ఇన్ని భాషల మధ్య మసలి ఉంటాము?

బిడ్డ వెంట వచ్చిన విద్య

ఆ గ్రామంలో నేను చూచిన ఒక దృశ్యాన్ని మీకు మనవి చేస్తాను. అంగన్‌వాడీ వసారాలో ఆరేళ్ళ బాలుడొకడు చెల్లెలిని తీసుకొని పోవడానికి వచ్చి కూర్చున్నాడు. వాడు ఒకటవ తరగతి చదువుతున్నాడు. వాని ప్రగతి పత్రంలో 'గిన్‌తీ నహీఁ ఆతీ' అని వ్రాసి ఉన్నది. లెక్కించడం రాదని అర్థం. కేంద్రంలో వంట చేసే సహాయకురాలు, వయసు మళ్ళిన స్త్రీ, వాని ముందు ఆకుదొన్నెలో గుప్పెడు చింతగింజలు పోసి గోండిలో ఏదో అన్నది. వాడు గింజలను రెండు కుప్పలుగా, చెల్లెలికి ఒకటి, తనకొకటి, సమంగా పంచసాగాడు. పంచుతూ పైకి లెక్కపెట్టుకొన్నాడు: "ఉండి, రండ్, మూండ్, నాలుంగ్..." చివర ఒక గింజ మిగిలితే దానిని చెల్లెలి కుప్పలో వేశాడు.

హిందీ చదువుకొన్న నాకు ఆ క్షణంలో సహాయపడినది హిందీ కాదు, తెలుగు. 'రండ్' అంటే రెండు, 'మూండ్' అంటే మూడు, 'నాలుంగ్' అంటే నాలుగు అని నా చెవికి వెంటనే తెలిసిపోయింది. లెక్కించడమే కాదు, సమభాగాలు చేయడం, మిగిలినదానిని ఏమి చేయవలెనో నిర్ణయించడం కూడ ఆ బాలునికి వచ్చును. వానికి రానిది 'ఏక్, దో, తీన్' మాత్రమే. లెక్క రాదని వ్రాసిన వారు అబద్ధమాడలేదు. వారు అడిగిన భాషలో వాడు మౌనంగా ఉన్నాడు, అంతే. కాని ఆ ఒక్క వాక్యం ఆ బాలుని వెంట పై తరగతికి పోతుంది. రెండేళ్ళు అటువంటి మాట వింటే బిడ్డ తనకు లెక్క రాదని తానే నమ్ముతాడు. ఆపైన బడి మానివేయడానికి ఎంతో కాలం పట్టదు.

బస్తరు బిడ్డ బడికి వట్టి చేతులతో రాదు. మార్చి, ఏప్రిల్ మాసాలలో తెల్లవారకముందే తల్లి వెంట ఇప్పచెట్టు క్రిందికి పోయి, రాలిన పూలను ఏరుతుంది. ఆ ఏరడంలో వ్రేళ్ళకు నేర్పు అలవడుతుంది. రేపు బలపం పట్టవలసినవి ఆ వ్రేళ్ళే. తునికాకు కోతలో 50 ఆకులు ఒక కట్ట అనీ, 1000 కట్టలు ఒక ప్రామాణిక సంచి అనీ పెద్దలు లెక్కపెట్టడం వింటుంది. ఏ ఆకు విస్తరికి పనికివచ్చును, ఏ పుట్టగొడుగు తినదగినది, ఏ దారి వాగుకు పోతుంది అని విడదీసి తెలుసుకొంటుంది. విద్యావేత్తలు వర్గీకరణ అనీ, క్రమజ్ఞానమనీ, స్థలజ్ఞానమనీ పేర్లు పెట్టి బొమ్మలతో నేర్పే విషయాలు ఇవియే. కొండగావ్ ప్రాంతంలోని లోహశిల్పుల ఇళ్ళలో మైనపు తీగను వ్రేళ్ళతో సాగదీసి బొమ్మకు చుట్టడం పిల్లలు ప్రతిదినం చూస్తారు. మురియా గోండుల 'ఘోటుల్' అనే యువజన గృహంలో పెద్దపిల్లలు చిన్నవారికి పాటలు, ఆటలు, పనులు నేర్పే పద్ధతిని వెరియర్ ఎల్విన్ 1947లో వెలువడిన తన గ్రంథంలో విపులంగా వర్ణించాడు. నేర్చుకోవడమనేది ఆ సమాజానికి కొత్త కాదు. బడి కొత్తది.

అక్షరానికి ముందు మాట

బడికి సిద్ధం చేయడమంటే నాలుగేళ్ళ బిడ్డచేత అక్షరాలు దిద్దించడమని మన పట్టణాలలో చాలామంది తల్లిదండ్రుల అభిప్రాయం. ఇది పునాది వేయకుండా గోడ లేపడం వంటిది. చదవడమంటే ఏమి జరుగుతున్నదో ఒక్క క్షణం ఆలోచించండి. బిడ్డ కాగితం మీది గుర్తులను ధ్వనులుగా మార్చుకొని, ఆ ధ్వనులను కూర్చి, అంతకుముందే తన చెవికి పరిచయమైన ఒక మాటను గుర్తుపట్టాలి. ఆ మాట ముందే తెలియకపోతే ధ్వనులను ఎంత బాగా కూర్చినా గుర్తుపట్టడానికి ఏమీ ఉండదు. గోండి బిడ్డకు నీరంటే 'ఏర్'. పలుకుబడి ఊరూరికీ కొంత మారుతుంది. కన్ను 'కన్', చేయి 'కై'. ఆ బిడ్డ 'పానీ' అనే మాటను కూడబలుక్కొని చదివినా, మనస్సులో నీరు మెదలదు. చదువు అర్థంలేని చప్పుడుగా మారిపోతుంది.

అందువల్ల మూడు నుండి ఆరు సంవత్సరాల వయసులో చేయవలసిన పనికి ఒక వరుస ఉన్నది. మొదట బిడ్డ తన భాషలో ధారాళంగా మాట్లాడాలి. కథ వినాలి, విన్నదానిని తిరిగి చెప్పాలి, తరువాత ఏమి జరుగునో ఊహించాలి. పిమ్మట మాటలోని ధ్వనులను గుర్తించాలి. తన పేరును ముక్కలుగా పలుకుతూ చప్పట్లు కొట్టడం ఇందుకు మంచి ఆట. మట్టి పిసకడం, పూలు గ్రుచ్చడం, గింజలు ఏరడం ద్వారా చేతి కండరాలకు పట్టు రావాలి. తల్లిని విడిచి కొంతసేపు ఉండడం, తన వంతు కొరకు వేచి ఉండడం, చేతులు కడుగుకొని భుజించడం అలవడాలి. వీటి తరువాత రెండవ భాష మాటలు ఆటలోను, పాటలోను ఒక్కొక్కటిగా చెవిన పడాలి. అక్షరం అన్నిటికంటె చివరిది.

మొదట మాతృభాషలో చదవడం నేర్చిన బిడ్డ హిందీకి దూరమవుతుందని కొందరు భయపడతారు. ఆ భయానికి ఆధారం లేదు. గుర్తుకూ ధ్వనికీ గల సంబంధాన్ని మనిషి ఒక్కసారే కనుగొంటాడు. తరువాతి భాషకు ఆ తెలివి తానే వెంట వస్తుంది. లెక్క కూడ అంతే. చింతగింజలతో గోండిలో పంచడం వచ్చిన బాలునికి హిందీలో నేర్పవలసినది భాగహారం కాదు, పది మాటలు మాత్రమే.

పెద్దలు వేసిన బాట

ఇది నేను కనిపెట్టిన సత్యం కాదు. తెలుగువారికి ఈ విషయంలో గర్వించదగిన వారసత్వం ఉన్నది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవరల భాషను వారి నోట విని నేర్చుకొన్నారు. ఆ పిల్లల కొరకు సవర భాషలో వాచకాలు వ్రాశారు, బడులు పెట్టించారు. 1931లో ఆయన సవర వ్యాకరణ గ్రంథం వెలువడింది. వ్యావహారిక భాష కొరకు పోరాడిన గిడుగువారినీ, సవర బిడ్డకు సవరలోనే చదువు చెప్పిన గిడుగువారినీ వేరుచేసి చూడరాదు. రెండింటిలోను ఉన్నది ఒకే న్యాయం. ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో 1943లో హైమెన్‌డార్ఫ్ గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించి, గోండి పిల్లలకు గోండి తెలిసిన గురువులను తయారుచేయించారు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోండి, కోయ, కువి, కొలామి, సవర మొదలైన ఎనిమిది భాషలలో తెలుగు లిపితోనే ప్రాథమిక వాచకాలు రూపొందించే కార్యక్రమం చేపట్టింది.

మహారాష్ట్రలో తారాబాయి మోడక్, ఆమె శిష్యురాలు అనుతాయి వాఘ్ చేసిన కృషి కూడ స్మరణీయం. 1945లో బోర్డీలోను, తరువాత కోస్‌బాడ్ కొండమీదను వారు వార్లీ గిరిజన బాలల మధ్య పనిచేశారు. పిల్లలు బడికి రాకపోతే వారి వాడలోని ముంగిట్లోనే పిల్లల తరగతి నడిపారు. పశువులు కాచే పిల్లల కొరకు బడినే పచ్చిక బయలుకు తీసుకొనిపోయారు. 'ఆంగన్' అంటే ముంగిలి. అంగన్‌వాడీ అనే మాటలోనే బడి బిడ్డ ముంగిటికి పోవలెననే భావం ఉన్నది.

1975 అక్టోబరు 2న 33 ప్రాంతాలలో సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం ప్రారంభమైనప్పుడు పౌష్టికాహారంతో, టీకాలతో పాటు పూర్వ ప్రాథమిక విద్యను కూడ అందులో చేర్చడం దూరదృష్టితో చేసిన పని. రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350-ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సదుపాయం కల్పించవలసిందిగా కోరుతున్నది. 2002లో సవరించిన 45వ అధికరణం ఆరేళ్ళలోపు పిల్లలందరి సంరక్షణ, విద్యలను ప్రభుత్వ కర్తవ్యంగా పేర్కొన్నది. 2020 గణతంత్ర దినోత్సవం నాడు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం గోండి, హల్బీ మొదలైన స్థానిక భాషలలో ప్రాథమిక బోధన జరుపుతామని ప్రకటించింది. అదే సంవత్సరం వచ్చిన జాతీయ విద్యావిధానం మూడు నుండి ఎనిమిదేళ్ళ వరకు గల కాలాన్ని ఒకే పునాది దశగా గుర్తించింది. 2021లో ఒకటవ తరగతి ప్రారంభంలో మూడు నెలలపాటు ఆటలతో సాగే 'విద్యా ప్రవేశ్' కార్యక్రమం వచ్చింది. 2022 సెప్టెంబరు 5న ఛత్తీస్‌గఢ్‌లో ఐదారేళ్ళ పిల్లల కొరకు బాల్‌వాడీలు ప్రారంభమైనవి. కాగితం మీద బాట సిద్ధంగానే ఉన్నది.

బాట మీది ముండ్లు

ఐతే కాగితానికీ కొండకూ మధ్య దూరం తక్కువ కాదు. ఇప్పపూల కాలంలో, తునికాకు కోత కాలంలో కుటుంబాలు అడవికి పోతాయి, పిల్లలూ వెంట పోతారు, కేంద్రం బోసిపోతుంది. అంగన్‌వాడీ కార్యకర్తకు బరువులు తూయడం, ఆహారం పంచడం, రిజిస్టర్లు నింపడంతోనే ప్రొద్దు గడచిపోతే, చదువు పాలికి మిగిలేది స్వల్పకాలమే. పలుచోట్ల కార్యకర్త భాష ఒకటి, పిల్లల భాష మరొకటి. నేను చెప్పిన గ్రామంలోనే చూడండి: కార్యకర్త హల్బీ, హిందీ తెలిసినది, పిల్లలు గోండి వారు. ఇద్దరి మధ్య వంతెన ఆ వంట చేసే సహాయకురాలు. కథ చెప్పేది, ఏడ్చే బిడ్డను ఊరడించేది, గింజలు లెక్కపెట్టించేది ఆమెయే. కాని ఆమె విధుల జాబితాలో వంట, శుభ్రత ఉన్నవి. బోధన అనే మాట లేదు.

మరొక పెద్ద గాయం కూడ ఉన్నది. దానిని దాచి మాట్లాడడం న్యాయం కాదు. 2005 తరువాత దక్షిణ బస్తరులో చెలరేగిన హింసలో అనేక బడులు మూతపడినవి, కొన్ని కూలిపోయినవి. మావోయిస్టులకూ, సల్వాజుడుంకూ, సాయుధ బలగాలకూ మధ్య చిక్కుకొని వేలాది గిరిజనులు ఊళ్ళు విడిచి గోదావరి లోయకు, నేటి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అడవులకు తరలివచ్చారు. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. బడులు లేని చోట వెదురుతో కట్టిన 'పోర్టా కేబిన్' ఆవాస పాఠశాలలు వెలిసినవి. అవి వేలమంది పిల్లలకు కూడు, చదువు ఇచ్చిన మాట వాస్తవం. కాని ఆరేళ్ళ బిడ్డ ఒక్క రాత్రిలో తల్లినీ, తల్లి భాషనూ రెండింటినీ విడిచిరావడం ఎంత భారమో తల్లులైనవారికి చెప్పనక్కరలేదు. ఇటీవలి సంవత్సరాలలో మూతపడిన బడులు కొన్ని తిరిగి తెరుచుకొంటున్నవి. అవి ఏ భాషలో తెరుచుకొంటున్నవి అన్నదే ప్రశ్న.

మన వైపు వచ్చిన ఆ కుటుంబాల పిల్లలు తెలుగు అంగన్‌వాడీలలో, తెలుగు బడులలో కూర్చుంటున్నారు. అక్కడ 'గిన్‌తీ నహీఁ ఆతీ' అన్నట్లే, ఇక్కడ మనం 'లెక్కలు రావు' అని వ్రాస్తే, భాష మారినా తప్పు మారదు.

మనం చేయదగిన పని

ఈ సభలో గ్రంథపాలకులు, విద్యార్థులు ఉన్నారు కనుక మూడు విన్నపాలు చేస్తాను.

మొదటిది: పిల్లల పుస్తకాల అరలో ఏ భాషలు ఉన్నవో చూడండి. మాటలు లేని బొమ్మల పుస్తకం ఏ భాషలోనైనా చదవవచ్చును. గోండి బిడ్డ దానిని గోండిలో చెబుతుంది, తెలుగు బిడ్డ తెలుగులో చెబుతుంది. ఆ బొమ్మలలో ఇప్పచెట్టు, సంత, వెదురు బుట్ట ఉన్నవా అని కూడ చూడండి. బిడ్డ ఎన్నడూ చూడని వస్తువుతో చదువు మొదలుపెట్టడం మంచిది కాదు.

రెండవది: సరిహద్దు ప్రాంతాల కళాశాలలలో గోండి, కోయ, దోర్లీ మాట్లాడే విద్యార్థులు ఉన్నారు. వారు తమ అవ్వల వద్ద కథలు, పొడుపుకథలు, ఆటపాటలు సేకరించి వ్రాసియిస్తే, అంగన్‌వాడీకి అంతకంటె మంచి పాఠ్యసామగ్రి దొరకదు. తమ భాష తమకు చిన్నతనం కాదని కూడ ఆ పనిలో వారికి తెలిసివస్తుంది.

మూడవది ఉపాధ్యాయులకు: ఒకటవ తరగతిలో మౌనంగా కూర్చున్న బిడ్డను చూచినప్పుడు, 'రాదు' అని వ్రాయడానికి ముందు, ఆ బిడ్డ ఇంటి భాషలో పది మాటలు నేర్చుకోండి. రా, కూర్చో, నీరు, ఆకలి, అమ్మ, నొప్పి; ఇటువంటివి పది చాలును. ఊరి అవ్వను వారానికి ఒకనాడు కథ చెప్పడానికి పిలవండి. ఆ సహాయకురాలు చేసే పనికి బోధన అనే పేరు పెట్టండి.

జాతీయ సమైక్యత అనే మాటను మనం తరచు వింటున్నాము. అది అందరి నోటా ఒకే మాట పలికించడం కాదు. ఎవరి మాట వారి నోట ఉండగానే ఒకరి మాట ఒకరు వినగలగడం. అనువాదకురాలిగా నా వృత్తి నాకు నేర్పినది ఇంతే: వంతెన ఒక ఒడ్డునుండి మాత్రమే కట్టబడదు. బిడ్డ బడి వైపు నడుస్తున్నది. నాలుగు భాషలు మోసుకొని, చెల్లెలిని చంకన వేసుకొని నడుస్తున్నది. బడి కూడ నాలుగడుగులు ఎదురు నడవాలి.

ఆ పుస్తకం మలి ముద్రణకు వచ్చినప్పుడు అధ్యాయం పేరు మార్చి వ్రాశాను: 'బిడ్డ బడికి, బడి బిడ్డకు.' మూలంలోని రెండు మాటలకు తెలుగులో నాలుగు మాటలైనవి. అనువాదం కొంత పెరిగినది కాని, అర్థం పూర్తి ఐనదని నా నమ్మకం.